గొర్రె గారు తినలేదు

గొర్రెలకు పొగరెక్కింది. ఇది నా మాట కాదు, మొన్న గుంటూరు పక్క ఊళ్లో జరిగిన పశుగ్రాస అవగాహన సదస్సు తేల్చిన మాట.

షామియానా కింద ఐదు గంపల చెట్టాకు: అవిసె, సుబాబుల్, తుమ్మ, వేప, గ్లిరిసిడియా. ఒక్కోదానికి అట్టముక్క మీద పేరు రాసిపెట్టారు, గొర్రె చదువుకోవాలిగా పాపం. దీన్ని కెఫెటీరియా పద్ధతి అంటారు. అన్నీ పక్కపక్కనే పెట్టి, మిగిలింది తూచి, దేనిమీద ఎంత ఇష్టముందో లెక్కగడతారు. పద్ధతి మంచిదే. చిక్కల్లా ఫలితం ముందే ఫ్లెక్సీ ఎక్కేసింది: 'గొర్రెలకు గ్లిరిసిడియా వరం'.

నెల్లూరు జుడిపి జాతి పొట్టేలు వచ్చింది. అవిసె గంప ఊడ్చేసింది. సుబాబుల్‌లో పుల్లలు మిగిల్చింది. తుమ్మ దగ్గర తుమ్మలేదు గానీ గ్లిరిసిడియా వాసన చూడగానే తుమ్మింది. అధికారిగారే స్వయంగా రెమ్మ అందించారు. మొహం అటు తిప్పుకుంది. ఆయన అటు వెళ్లారు. ఇటు తిప్పుకుంది. ఇలా రెండు ప్రదక్షిణలయ్యాక వెళ్లి గుంజకు కట్టిన మామిడి తోరణం పీక్కు తింది. చప్పట్లు కొట్టింది నేనొక్కణ్ణే.

"20 శాతం మాంసకృత్తులున్నాయయ్యా ఇందులో!" అన్నారాయన, పొట్టేలుతోనే.

వెనకనుంచి కాపరి అన్నాడు: "పచ్చిది వాసనండి. కోసి ఒకపూట వాడనిస్తే మెల్లగా అలవాటు పడతయ్యండి. సుబాబుల్ ఇష్టమే గానీ అదే పనిగా పెడితే బొచ్చు రాలుద్దండి." మైకు అతని దాకా రాలేదు. రిజిస్టర్ వచ్చింది, వేలిముద్రకి.

ఆ గంపలో అవిసె మండ తెచ్చిందీ అతనే. పోయిన వేసవిలో కాలువగట్టున దోటితో నాలుగు తుమ్మ మండలు లాగాడని జరిమానా రాశారు. అదే గట్టున రోడ్డు కోసం చెట్లను వేళ్లతో సహా పెకలించినప్పుడు ఏ చేతికి పెన్ను దొరకలేదో! పైగా ఆ చోట నాటిందేమిటి? ఏడాకులపాల. గిల్లితే పాలు కారుతుంది, పశువులు దాని జోలికి పోవు. మే నెలలో బీళ్లలో గడ్డి మాడిపోతే మందకి దిక్కు చెట్టాకేనని తెలియదా మీకు? మండ కొడితే మళ్లీ చిగురేస్తుందయ్యా! నెలనెలా జీతం తీసుకుంటూ ఆ మాత్రం తెలియకపోవడానికి సిగ్గుండాలి.

సరే. సదస్సు నివేదిక వచ్చింది. 'లబ్ధిదారుల ఆహారపు అలవాట్లలో మార్పు రావాలి' అని ఉంది. లబ్ధిదారంటే కాపరా, పొట్టేలా అని ఫోన్ చేసి అడిగాను.

ఫైలు చూసి చెబుతామన్నారు.