మేస్త్రీ దగ్గరే ఆగిపోతున్న మాట

కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. 2018 జులై 12న తాడిపత్రి ఉక్కు కర్మాగారంలో ఆరుగురి ప్రాణాలు తీసింది ఆ గ్యాసే. ముక్కు పసిగట్టలేని విషం కాబట్టి, లోపలికి వెళ్లేముందు ‘మీటర్ పెట్టి చూశారా?’ అని అడగగలగాలి. అడిగితే రేపటి నుంచి పనిలోకి రావద్దంటారేమోనన్న టెన్షన్ మన కాంట్రాక్టు కూలీలకు ఇంకా పోలేదు.

2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె క్వారీలో జిలెటిన్ స్టిక్స్ పేలి పది మంది చనిపోయారు. ఇలాంటివి జరిగిన మర్నాడు అందరం విచారణ గురించి, పరిహారం గురించి మాట్లాడతాం. మా బాధ అంతకుముందు రోజు గురించి. క్రేన్ తాడు నలిగిందని, బ్రేకు సరిగా పడటం లేదని ముందుగా తెలిసేది దాని కింద పనిచేసేవాడికే. మేస్త్రీతో చెబితే ‘ఇన్నేళ్లుగా ఇట్లే నడుస్తాంది కదా’ అంటాడు. మాట అక్కడితో ఆగిపోతుంది.

అక్కడ ఆగనక్కర్లేదు. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పరిశ్రమల కార్మికులకు ముప్పు గురించి హెచ్చరించే హక్కు ఇచ్చారు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ 14వ సెక్షన్ దాన్ని మిగతా ఉద్యోగులకూ విస్తరించింది. ప్రాణానికి ముప్పుందని అనిపిస్తే యజమానికి, అదే సమయంలో కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్‌కు కూడా చెప్పవచ్చు. యజమాని ఒప్పుకుంటే వెంటనే సరిచేయాలి. ఒప్పుకోకపోతే విషయాన్ని ఇన్‌స్పెక్టర్‌కు పంపాలి, ఆయన నిర్ణయమే తుది. ఫిర్యాదు ఎవరు చేశారో ఇన్‌స్పెక్టర్ బయటపెట్టకూడదని 1987 సవరణే చెప్పింది.

కానీ పదిహేను మంది పనిచేసే గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీలో ఎవరు చెప్పారో కనిపెట్టడం ఎంతసేపు? అందుకే ఒకచోటి నుంచి ఫిర్యాదు వస్తే ఆ వరుసలోని ఫ్యాక్టరీలన్నీ ఒకేసారి తనిఖీ చేయాలని కోరుతున్నాం. గ్రానైట్ దుమ్ము పేలుడులా పెద్ద చప్పుడు చేయదు. ఆ దుమ్ము పీల్చడం వల్ల వచ్చే సిలికోసిస్ జబ్బు ఏళ్ల తరబడి ఊపిరితిత్తులను తినేస్తుంది, తిరిగి బాగుచేసే మందు లేదు, చాలాసార్లు టీబీ అనుకుని వైద్యం చేస్తారు. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము చాలావరకు అణుగుతుంది. ఆ నీళ్లు ఎందుకు రావడం లేదని అడగడం కూడా భద్రతా ఫిర్యాదే.

2018 ఆగస్టులో కర్నూలు జిల్లా ఆలూరు దగ్గర హత్తిబెళగల్ క్వారీ పేలుడులో చనిపోయినవాళ్లు పొట్టకూటికి వచ్చిన వలస కూలీలు. ప్రతి గేటు దగ్గర ఇన్‌స్పెక్టర్ ఫోన్ నంబరు తెలుగుతో పాటు హిందీ, ఒడియాల్లోనూ రాసి పెట్టాలి. ఫిర్యాదు వెళ్లిన కొన్నాళ్లకే ఒక కూలీని పని మాన్పిస్తే, ఎందుకు మాన్పించావని కాంట్రాక్టరును కార్మిక శాఖే పిలిచి అడగాలి.