క్షేమ సదస్సుకు హాజరు తప్పనిసరి

ఉద్యోగుల మానసిక ఆరోగ్యంపై మా కార్యాలయం గత నెలలో ఒక ఆన్‌లైన్ సదస్సు నిర్వహించింది. శుక్రవారం రాత్రి ఏడున్నరకు. హాజరు తప్పనిసరి. ఆ గంటన్నరలో ఆగిపోయిన పనిని శనివారం పూర్తిచేయవలసిందిగా సదస్సు ముగియకముందే సందేశం కూడా వచ్చింది. సహోద్యోగులు కొందరు దీన్ని విడ్డూరమన్నారు గానీ, నాకు మాత్రం ఇందులో యాజమాన్యం దూరదృష్టే కనిపించింది. ఒత్తిడి ఎరుగని వాడికి ఒత్తిడి నివారణ బోధించి ప్రయోజనమేమిటి? కళ్లు మూసుకుని శ్వాసను గమనించమన్నప్పుడు మా బృందంలో ఇద్దరు గురక పెట్టారు. కార్యక్రమం విజయవంతమైనట్టు నివేదికలో నమోదైంది.

మన పెద్దల ఆశయాలు చూస్తే ఇలాంటి సదస్సుల అవసరం ఇంకా పెరిగేలా ఉంది. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు సెలవిచ్చారు. 2025 జనవరిలో వెలుగుచూసిన వీడియోలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు దాన్ని 90 గంటలకు పెంచి, ఆదివారాలనూ కలుపుకొని, ఇంట్లో భార్య ముఖం ఎంతసేపు చూస్తూ కూర్చుంటారని ప్రశ్నించారు. ప్రశ్న గంభీరమైనది కనుక లెక్క వేశాను. వారానికి ఉన్నవి 168 గంటలు. పనికి 90 పోతే 78. రోజుకు ఏడు గంటల నిద్ర అనే దుబారాకు 49 పోతే 29. ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి రానూపోనూ రోజుకు మూడు గంటల చొప్పున 21 పోతే మిగిలేది ఎనిమిది, అంటే రోజుకు సుమారు 68 నిమిషాలు. స్నానం, మూడు పూటల భోజనం, పిల్లవాడి హోంవర్కు, ఊళ్లో ఉన్న అమ్మకు ఫోను అందులోంచి తీసేస్తే, భార్య ముఖం చూసే సమస్య దానంతటదే పరిష్కారమవుతుంది. ఛైర్మన్ గారు నిశ్చింతగా ఉండవచ్చు.

అడ్డు తగులుతున్నది శరీరమే. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారికన్నా పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. గుండెకు సంస్థాగత విధేయత లేదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? నా నడుమైతే నోటీసు పీరియడ్ కూడా పాటించకుండా, సరిగ్గా త్రైమాసికం చివరి వారంలో విధుల నుంచి తప్పుకుంది.

నదీజలాల దగ్గర కుదరని ఏకాభిప్రాయం మన రెండు తెలుగు ప్రభుత్వాలకు ఇక్కడ మాత్రం కుదిరింది. రోజువారీ పని పరిమితిని పది గంటలు చేయాలని 2025లో నెల తేడాతో రెండూ నిర్ణయించాయి. వారానికి 48 గంటల హద్దు యథాతథమేనట. మా కార్యాలయంలో ఆ అంకెను బుధవారం సాయంత్రమే దాటేస్తాం.

ఇక ఈ ఏడాది నుంచి క్షేమాన్ని కూడా అప్రైజల్‌లో చేర్చారు. నెలకు నాలుగు గంటల ధ్యానం చేసి యాప్‌లో నమోదు చేయాలి. నాకు రెండు గంటల ప్రశాంతత తక్కువ పడింది. ఎప్పటిలోగా భర్తీ చేస్తానో లిఖితపూర్వకంగా తెలియజేయమని మేనేజర్ గారు అడిగితే, ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి అని రాసిచ్చాను. అమెరికా కాల్ అప్పటికి ముగుస్తుంది.