వెబ్ ఆప్షన్ల ఫారం గారికి, నెల్లూరు నుంచి ఒక నాన్న

మహారాజశ్రీ వెబ్ ఆప్షన్ల ఫారం గారికి,

నెల్లూరు నుంచి ఒక ఆడపిల్ల తండ్రి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయాలి, ఆచారం కాబట్టి. నిజానికి మా ఇంట్లో వారం రోజులుగా ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడుకోవడం లేదు.

ఇంజినీరింగ్ సీటు కోసం కావలసిన కాలేజీలూ బ్రాంచీలూ ఇష్టం వరసలో మీలో ఎక్కించాలి. మీతో నాకున్న పేచీ ఒక్కటే. ఎన్ని కాలేజీలు పెట్టుకోవాలో మీరు చెప్పరు. ఆరు పెట్టినా ఊఁ అంటారు, మూడొందలు పెట్టినా ఊఁ అంటారు. పైగా ఉచితం. ప్రాసెసింగ్ ఫీజు 1200 రూపాయలు ఒక్కసారి కట్టేస్తే ఆ తర్వాత ఎన్ని ఎక్కించినా పైసా అడగరు. నెల్లూరు మనిషికి ఉచితమని చెప్పి హద్దు చెప్పకపోతే ఏమవుతుందో మీరెప్పుడైనా మా రిసెప్షన్లలో చేపల పులుసు బకెట్ దగ్గర నిలబడి చూడండి. ప్రైవేటు యూనివర్సిటీలు ఒక్కో దరఖాస్తుకి వెయ్యికి పైనే తీసుకున్నాయి, అందుకే అవి మూడింటితో ఆగాయి. డబ్బు పెట్టాల్సిన చోట మాకు తెలివి బాగానే పనిచేస్తుంది.

మా పాపకి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ముప్పై ఒక్క వేల చిల్లర ర్యాంకు వచ్చింది. నోట్‌బుక్ వెనక అట్ట మీద ఆరు కాలేజీలు రాసుకుంది, అన్నిట్లోనూ ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ బ్రాంచే. మొదటిది తిరుపతిలో ఎస్వీయూ ఇంజినీరింగ్ కాలేజీ, రెండోది అనంతపురం జేఎన్‌టీయూ. ఆ రెండూ రావని తనకీ తెలుసు. "పైన పెడితే పోయేదేముంది నాన్నా, రాకపోతే కిందదే చూస్తారు" అంది. మూడోది పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇంటికి రాగలిగే కాలేజీ. అసలు కోరిక అదే. మిగతా మూడూ అదీ తప్పితే అని.

అంత స్పష్టంగా ఉన్నదాన్ని మనం ఊరికే వదిలేస్తామా?

"ఆరా! ఆరేంది బావా? మా వాడికి నూట ఎనభై పెట్నాం" అన్నాడు మా బావమరిది. వాళ్లబ్బాయి ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్, కాబట్టి మా వైపు కౌన్సెలింగ్ శాఖ ఆయనదే. ఆ నూట ఎనభైలో వచ్చిన సీటు నచ్చక చివరికి మేనేజ్‌మెంట్ కోటాలో చేర్చారన్న సంగతి నాకు రాత్రి పన్నెండింటికి గుర్తొచ్చింది. అప్పటికి తొంభై దాటేశాం.

తొంభై అంటే తొంభై కాలేజీలని భయపడకండి. ఈ విద్య నేను కొత్తగా నేర్చుకున్నాను. ఒక కాలేజీ, దాంట్లో కంప్యూటర్ సైన్స్, అంటే సీఎస్‌ఈ. మళ్లీ అదే కాలేజీ, సీఎస్‌ఈ పక్కన ఏఐ. మళ్లీ అదే, పక్కన డేటా సైన్స్. ఇంకోసారి సైబర్ సెక్యూరిటీ. ఆ తర్వాత ఐటీ. అదే ల్యాబ్, అవే బెంచీలు, బోర్డు మీద పేరు ఐదు సార్లు. ఈసీఈ కావాలన్న పిల్ల పట్టికలో ఈసీఈని వెతుక్కోవాల్సి వచ్చింది.

ఒంగోల్లో మా చెల్లెలు ఉంటుంది. మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటుంది కదా అని అక్కడివీ ఆ చుట్టుపక్కలవీ పదకొండు పెట్టాం. తర్వాత తెలిసింది, మీ లెక్కలో రాష్ట్రం రెండు ముక్కలని: నెల్లూరు శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ పరిధి, ఒంగోలు ఆంధ్రా యూనివర్సిటీ పరిధి. ఎక్కడి సీట్లలో 85 శాతం అక్కడి పిల్లలకే. మాకు రైలెక్కితే రెండు గంటలైనా పట్టని ఊరు మీకు పరాయిది. మేనత్త చుట్టరికం అక్కడ చెల్లదు, మిగిలిన 15 శాతంలోనే మా పిల్ల అదృష్టం చూసుకోవాలి. తెలిశాక తీసేశామా? లేదు. పెట్టింది తీసెయ్యడం అశుభమంది మా ఆవిడ. పైగా ఇంకాస్త ముందుకెళ్లి శ్రీకాకుళం జిల్లాలో రెండు కలిపాం. ఇక్కడి నుంచి ఏడొందల కిలోమీటర్లు. వస్తే పంపుతావా అని నన్ను ఎవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు.

మధ్యలో ఫోన్లు. ఏదో కాలేజీ పీఆర్వో, అడ్మిషన్లు పట్టే మనిషి. నంబరు ఎక్కడ దొరికిందో తెలియదు, పాప ఇంటర్ మార్కులు మాత్రం నాకన్నా బాగా చెప్పాడు. "సార్, మాది ఫస్ట్ ఆప్షన్ పెట్టండి, లాప్‌టాప్ ఇస్తాం. ఓటీపీ చెప్పండి, మేమే పెట్టేస్తాం." ఓటీపీ చెప్పలేదు, అంత తెలివి ఉంది. కానీ వాళ్ల కాలేజీని మాత్రం పట్టికలోకి ఎక్కించాం, అంత ప్రేమగా అడిగాడని.

మా రోజుల్లో మీరు లేరు. కౌన్సెలింగ్ సెంటరుకి మనిషే పోవాలి. మా నాన్న పంచె కట్టుకుని, సర్టిఫికెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని, నా ర్యాంకు పిలిచేదాకా బెంచీ మీద కూర్చున్నాడు. ఖాళీలు చూపించారు. "ఏదిరా?" అన్నాడు. చెప్పాను. బయటికొచ్చి టీ తాగాం. ఆయనకి కాలేజీల గురించి ఏమీ తెలియకపోవడం నా అదృష్టమని ఇప్పుడనిపిస్తోంది.

ఈసారి మీ హడావుడి, మా రొట్టెల పండగ కాస్త అటూ ఇటూగా వచ్చాయి. మీకు తెలియదేమో, బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్లు తెచ్చిన రొట్టెని, కోరిక ఉన్నవాళ్లు అందుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇల్లు రొట్టె. కావలసిందేదో ముందే తేల్చుకుని నీళ్లలో దిగాలి. ఇంజినీరింగ్ రొట్టె, అది కాకుంటే ఫార్మసీ రొట్టె, అదీ కాకుంటే డిగ్రీ రొట్టె అని సంచి నింపుకునేవాళ్లని నేనింతవరకూ చూడలేదు. మా ఆవిడ చదువు రొట్టె ఒకటి పట్టుకుని కొంగులో దాచుకుని వచ్చింది. మా బావమరిది గట్టు మీదే నిలబడి ఉన్నాడు. "ఒకటేనా అక్కా?" అన్నాడు.

అసలు విషయానికి వస్తాను. పాప రాసిన ఆరూ మా పట్టికలో ఉన్నాయి, ఒక్కటీ తీసెయ్యలేదు. అయితే రెండోదానికీ మూడోదానికీ మధ్య బావమరిది పదహారు ఇరికించాడు, ప్లేస్‌మెంట్లు బాగుంటాయని. పొద్దున పాప చూసి గొడవ పెట్టింది. "నీవి ఉన్నాయి కదమ్మా, కొంచెం కిందికి జరిగాయంతే" అన్నాను. అన్నది నేనే. మార్పులకి మీరు ఒక రోజు గడువిస్తే, ఆ రోజు కూర్చుని ఇంకో పంతొమ్మిది కలిపాం. మొత్తం 163.

సీటు పద్నాలుగో నంబరులో వచ్చింది. సీఎస్‌ఈ, పక్కన ఇంకేదో. నెల్లూరు నుంచి రెండు బస్సులు మారి ఆటో ఎక్కాలి. బావమరిదిని అడిగితే ఆ కాలేజీ ఎక్కడుందో ఆయనకీ తెలియదు, మ్యాపులో వెతికి చెప్పాడు. పాప కోరుకున్న కాలేజీ 19వ గడిలో ఉంది. పాపకన్నా నాలుగు వేలు వెనక ర్యాంకు వచ్చిన పిల్లకి అక్కడ ఈసీఈ దొరికింది. మా వీధిలోనే, మూడిళ్ల అవతల. స్వీట్లు తెచ్చిచ్చారు కూడా.

మీరు చేసే పని చాలా చిన్నదని అప్పుడర్థమైంది. ర్యాంకు వరసలో ఒక్కొక్కరి పట్టిక తీసి, పైనుంచి కిందికి వేలు పెట్టుకుంటూ వస్తారు. సీటు ఖాళీగా ఉన్న మొదటి గడి దగ్గర వేలు ఆగుతుంది. అంతే. పద్నాలుగు కింద మేం పేర్చిన 149 గడులని మీరు తెరిచి కూడా చూడలేదు. రెండు రాత్రుల నిద్ర, మూడు ఫ్లాస్కుల టీ, ఒక చుట్టరికం వాటి మీద పోశాం. మూడోదానికి పైన ఇరికించిన ఆ పదహారులో పన్నెండింటిని మాత్రం శ్రద్ధగా చదివారు. కింద ఎన్ని పెట్టినా నష్టం లేదని, తేడా అంతా పైన పెట్టేదాంట్లోనే ఉందని పాప మొదటి రోజే చెప్పింది. అట్ట మీద రాసి మరీ చూపించింది.

రెండో విడత ఆప్షన్లు మొదలయ్యాయి. ఇంకా మంచిది వస్తే పాత సీటు దానంతటదే పోతుందట, రాకపోతే అదే ఉంటుందట. బావమరిది నిన్న సాయంత్రం లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు, ఈసారి రెండొందలు పెడదామని. లాగిన్ కాలేదు. పాప పాస్‌వర్డ్ మార్చేసింది.

ఓటీపీ మాత్రం నా ఫోనుకే వస్తుంది. రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. గదిలోంచి "నాన్నా, నంబరు" అని కేక వేసింది. ఆరంకెలూ చదివి చెప్పాను. తలుపు వేసుకుంది.

ఇట్లు,
గది బయట కూర్చున్న నాన్న