పుస్తెలతాడు పెరిగింది

బందరులో మా పక్క వాటా సుబ్బారావు గారు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయ్యారు. కామేశ్వరి గారు మాత్రం ఆయన్ని ఇంకా రిటైర్ కానివ్వలేదు. వాళ్ళకీ మాకూ మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ, అందుకే నాకు టీవీ కొనాల్సిన అవసరం రాలేదు. మొన్న శుక్రవారం పొద్దున్నే మొదలైంది.

కామేశ్వరి: ఏవండీ, పుస్తెలతాడు పెరిగిందండీ.

సుబ్బారావు: మంచిదేగా! ఎంత పెరిగింది?

కామేశ్వరి: ఎంతేంటండీ, పెరిగింది అంటుంటే!

సుబ్బారావు: పేపర్లో నేనూ చూస్తున్నాలే, రోజూ పెరుగుతూనే ఉంది. మనవి మూడు కాసులు, అంటే ఇరవై నాలుగు గ్రాములు, ఉండు లెక్క కట్టి చెప్తా...

కామేశ్వరి: అయ్యో రామ! ధర కాదండీ, తాడు! కొక్కెం పక్కన రెండయింది!

సుబ్బారావు: ఓహో, తెగిందా!

కామేశ్వరి: ఛ ఛ! శుక్రవారం పూట ఏం మాటలవి? పుస్తెలతాడుని అలా అనకూడదు, పెరిగింది అనాలి.

సుబ్బారావు: దీపం ఆరితే కొండెక్కింది అంటావు, బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటావు, ఆ మాట నమ్మి నేను బజారుకి వెళ్ళకపోతే తిడతావు. ఇన్నేళ్ళ కాపరంలో నాకో నిఘంటువు కొనిపెట్టి ఉంటే సరిపోయేది. ఇంతకీ ఎలా తె... ఎలా పెరిగింది?

కామేశ్వరి: ఏమో, జడ వేసుకుంటుంటే చేతిలోకి వచ్చేసింది. పసుపు కొమ్ము కట్టిన తాడు వేసుకున్నా ప్రస్తుతానికి. మీరు మధ్యాహ్నం ఆచారి గారి దగ్గరకి తీసుకెళ్ళాలి.

సుబ్బారావు: ఒక్క లింకు అతకడానికి ఆచారి గారెందుకే? ఐదు నిమిషాల పని.

కామేశ్వరి: మీరు దాని జోలికి వెళ్ళకండి. దేవుడి దగ్గర పెట్టాను. గుడికెళ్ళి వస్తా.

గంట పట్టింది ఆవిడ రావడానికి. ఆ గంటలో గోడ మీదుగా మా ఇంట్లోకి ఒక వాసన వచ్చింది, పాత రేడియో రిపేరు షాపుల్లో వచ్చేది, గుగ్గిలం కాలినట్టు. ఏం జరుగుతోందో నాకప్పుడే అర్థమైంది కానీ, మనకెందుకులే అని టీ పెట్టుకున్నా.

కామేశ్వరి: ఏమిటండీ ఇది? బంగారం మీద ఈ బూడిద రంగు బొట్టేమిటి?

సుబ్బారావు: లాగి చూడు. గట్టిగా లాగు. ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్ళు ఎన్ని వైర్లు అతికానో తెలుసా? ఒక్కటి ఊడలేదు.

కామేశ్వరి: సీసం పెట్టారా! నా పుస్తెలకి సీసం పెట్టారా!

సుబ్బారావు: ఒట్టి సీసం కాదు. తగరం అరవై, సీసం నలభై.

కామేశ్వరి: మనవరాలి వెండి పట్టీలూ ఇలాగే కదా అతికింది? పదిరోజులు కాకుండానే బళ్ళో తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే ఒకటి ఊడి ఎక్కడో పడిపోయింది. మిగిలిన రెండోది చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

సుబ్బారావు: అది పిల్ల గెంతడం వల్ల. నువ్వు గెంతవుగా.

కామేశ్వరి: ఇప్పుడు గెంతుతా. నడవండి ఆచారి గారి దగ్గరకి.

సుబ్బారావు: దానికన్నా మొన్న షోరూమ్‌లో ఆ అబ్బాయి చెప్పాడు కదా, పాతది ఇచ్చేసి కొత్తది తీసుకోమని.

కామేశ్వరి: ఆ, చెప్పడూ! పాతదానికి హాల్‌మార్కు లేదని ధర తగ్గించి, కొత్తదానికి తరుగూ మజూరీ వేసి, మొత్తం మీద మూడు శాతం జీఎస్టీ కలిపి, మీకో క్యాలెండరు ఇస్తాడు. మన పెళ్ళి 1989లో అయితే, మన దేశంలో హాల్‌మార్కు మొదలైందే 2000లో. లేని ముద్ర ఎక్కడి నుంచి వస్తుంది?

సుబ్బారావు: అందాకా చిలకలపూడి గిల్టు తాడు ఒకటి వేసుకోకూడదూ? ఊళ్ళోనే కదా తయారీ. పోయిన వైశాఖంలో పెళ్ళికి అదే వేసుకెళ్తే మీ వదిన ఎన్ని కాసులని అడిగింది.

కామేశ్వరి: మెళ్ళో హారం అదైతే నాకేం అభ్యంతరం లేదు. పుస్తెలకి మాత్రం పసుపు తాడన్నా ఉండాలి, బంగారమన్నా ఉండాలి. నడవండి.

ఇద్దరూ వెళ్ళి, మధ్యాహ్నం భోజనాల వేళకి తిరిగొచ్చారు. తాడు ఆచారి గారి దగ్గరే ఉండిపోయింది, గొడవ మాత్రం తమతో పట్టుకొచ్చారు.

కామేశ్వరి: ఆ పెద్దాయన అద్దం పెట్టి చూసి తల పట్టుకున్నాడండీ. నాకు సిగ్గేసింది.

సుబ్బారావు: పైన మంట పెడితే కరిగిపోయేదే కదా, దానికింత రాద్ధాంతమా?

కామేశ్వరి: మంట పెట్టకముందే అంతా గీకి పారెయ్యాలట, అదీ బాధ. మీ సీసం రెండొందల డిగ్రీలు కూడా అక్కర్లేకుండా కరుగుతుంది, మేలిమి బంగారానికి వెయ్యి దాటాలి. గీకకుండా ఊదుగొట్టం పెడితే ఆ సీసం బంగారాన్ని తినేసి గుంటలు పెడుతుంది, తాడు పెళుసెక్కి పటుక్కుమంటుంది. ఆయన చెప్తుంటే మీరు కాటా వంక చూస్తున్నారు.

సుబ్బారావు: చూడనా మరి? ఇరవై నాలుగు గ్రాములు చేయించాం. ఇరవై మూడు పాయింట్ నాలుగు చూపించింది! నా సీసం బరువు కలిపి కూడా!

కామేశ్వరి: ఇన్నేళ్ళు మెళ్ళో ఉంటే అరగదా? నేను అరగలేదూ?

సుబ్బారావు: నువ్వు అరిగినట్టు ఏ కాటా చెప్పదులే.

(ఇక్కడ గిన్నె ఒకటి గట్టిగా పెట్టిన చప్పుడైంది. పెట్టారో విసిరారో గోడ అవతల నుంచి చెప్పలేను.)

సుబ్బారావు: అయినా ఎందుకరిగిందో ఆయనే చెప్పాడుగా! దాచావేం? కొక్కెం దగ్గర ఎన్ని పిన్నీసులు వేలాడుతున్నాయి? ఏడు! నేను లెక్కపెట్టా. పిన్నీసు ఉక్కు, బంగారం మెత్తన, రాత్రీ పగలూ ఒకే లింకు మీద రాసుకుని రాసుకుని దారంలా అయింది. అంటే తప్పు ఎవరిది?

కామేశ్వరి: ఆ పిన్నీసులు ఎవరి కోసం? బయటికెళ్ళే ముందు గుమ్మంలో నిలబడి "కామేశ్వరీ, బొత్తాం ఊడింది" అనేదెవరు? మొన్న బ్యాంకులో మీ ప్యాంటు జిప్పు...

సుబ్బారావు: సరే సరే, గోడ పక్కనే మనుషులున్నారు.

(నేను దగ్గు ఆపుకున్నా.)

సుబ్బారావు: నాకు అనుమానం ఒకటే. కేడీఎం పెట్టండి అంటే ఆయన ఎందుకు పెట్టనన్నాడు?

కామేశ్వరి: కేడీఎం అంటే ఏదో గొప్ప బంగారం అనుకుంటున్నారా మీరింకా? అతుకులో కాడ్మియం కలుపుతారు, అంతే. మంట తగిలితే ఆ పొగ చేసేవాళ్ళ ఊపిరితిత్తులకి చేటు, అందుకే ఆయన మానేశాడు. మన బంగారం లాంటిదే తీసుకుని, అందులో రాగీ వెండీ పాలు కాస్త మార్చి, తాడు కన్నా ముందు కరిగేలా చేసిన అతుకు వేస్తాడట. ముందు వెలిగారం రాస్తే ఆ అతుకు సందులోకి నీళ్ళలా పాకుతుంది. అదీ అతకడమంటే. ముక్కు మీద బెల్లం ముద్ద పెట్టినట్టు పెట్టడం కాదు.

సుబ్బారావు: పట్టీ కూడా ఇచ్చావుగా, దానికీ పాఠం చెప్పాడా?

కామేశ్వరి: చెప్పాడు. వెండికి వేడి ఒక్కచోట నిలవదట, క్షణంలో పట్టీ అంతా పాకుతుంది, కాబట్టి మొత్తం కాచి అతకాలి. అతికాక నల్లబడుతుంది, దాన్ని మళ్ళీ మెరుగు పెట్టాలి. పోయినదాని బదులు ఇంకోటి కొత్తగా చేయించాలి, జత కలవాలంటే అదే మువ్వ దొరకాలి. ఆ ఖర్చు మీ పెన్షన్లోంచి.

సుబ్బారావు: పోన్లే. కానీ అరిగిన లింకులు రెండు తీసేసి కొత్తవి వేస్తానన్నాడు. ఆ పాత ముక్కలు ఇస్తాడా? నాకసలే ఈ కంసాలి పని గురించి ఒక సామెత గుర్తొస్తోంది...

కామేశ్వరి: ఆ సామెత ఈ గడప లోపల వద్దు. మన పుస్తెలు కరిగించి పోసింది ఆయనే, మీ అమ్మగారి కాసులపేరుకి కాసులు అతికింది వాళ్ళ నాన్నగారే. ముక్కలు కాగితంలో కట్టి, పైన బరువు రాసి ఇస్తానని మీ ఎదురుగానే అన్నాడు. అప్పుడు మీరు ఆయన సోల్డరింగ్ గన్ ఏ కంపెనీదని అడుగుతున్నారు. అది కుంపటండీ!

సాయంత్రం ఐదింటికి సుబ్బారావు గారు సైకిలేసుకుని తాడు తేవడానికి వెళ్ళారు. ఆరయింది, ఆరున్నరయింది. కామేశ్వరి గారు అరుగు మీద కూర్చుని పసుపు తాడు తడుముకుంటున్నారు. అప్పుడు ఫోను మోగింది. ఆవిడకి స్పీకరు ఆపడం రాదు, అది నా అదృష్టం.

సుబ్బారావు: కామేశ్వరీ, గొలుసు పెరిగిందే.

కామేశ్వరి: మళ్ళీనా! ఇప్పుడే కదండీ అతికించింది! జేబులో పెట్టుకోమన్నానా, చేత్తో లాగి చూశారా? లాగే ఉంటారు! ఆచారి గారి కొట్టు దాటకుండానే లాగి ఉంటారు!

సుబ్బారావు: తాడు భద్రంగానే ఉంది. పెరిగింది సైకిల్ గొలుసు. కోనేరు సెంటర్లో నిలబడ్డా.

కామేశ్వరి: సైకిల్ చైను తెగిందని చెప్పి ఏడవచ్చుగా! నా గుండె ఆగినంత పనైంది!

సుబ్బారావు: పొద్దున నువ్వేగా ఆ మాట అనకూడదన్నావు?

కామేశ్వరి: దానికి మీరు మూడు ముళ్ళు వేశారా?

సుబ్బారావు: ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు మరి? చీకటి పడుతోంది, షాపు కట్టేశాడు.

కామేశ్వరి: ఉండండి. పక్కింటి అబ్బాయి ఎలాగూ అంతా వింటూనే ఉంటాడు, బండి మీద అతన్ని పంపిస్తా. మీ సీసం కూడా ఇచ్చి పంపమంటారా?