రెండు చోట్ల తెరిస్తే మెయిళ్లు పోతాయా?

వారం రోజులుగా మా గాజువాక అపార్ట్‌మెంట్ గ్రూపులో, పిల్లల కోచింగ్ గ్రూపులో, చివరికి మా పెద్దత్తయ్య భజన గ్రూపులో కూడా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: ఈమెయిల్ ఒక్క ఫోన్‌లోనే ఉంచుకోవాలి, కంప్యూటర్‌లో కూడా తెరిస్తే ఫోన్‌లోవి మాయమవుతాయి. ఫోన్ పోతే మెయిలూ పోయినట్టే, కొత్తది తెరుచుకోవాలి. రెండంచెల వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కి వచ్చే ఓటీపీ లాంటిది కూడా అడగడం) పెడితే మన మెయిల్ మనకే తెరుచుకోదు, వెంటనే తీసేయాలి. పాస్‌వర్డ్ ఎలాగూ మర్చిపోతాం కాబట్టి తెలిసిన నెట్ సెంటర్‌లో రాయించి ఉంచాలి. కింద "పది మందికి పంపండి" అని. పంపుతున్నారు కూడా. అడ్మిషన్ల రోజుల్లో ఇది నమ్మితే నష్టపోయేది పిల్లలు, అందుకే రాస్తున్నాను.

మొదటి మాట పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. ఒకప్పుడు అలాగే జరిగేది, మా ఇంట్లోనే జరిగింది. మా మావయ్యగారు స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసే రోజుల్లో ఉక్కునగరం క్వార్టర్‌లో డయలప్ నెట్ ఉండేది. నెట్ కలిపితే ల్యాండ్‌ఫోన్ ఎంగేజ్. బిల్లు కూడా ఎంతసేపు వాడితే అంత. అందుకని రాత్రి పూట ఒకసారి లైన్ కలిపి, వచ్చిన మెయిళ్లన్నీ కంప్యూటర్‌లోకి దించేసుకుని, లైన్ తెంపేసి తీరిగ్గా చదువుకునేవారు. అలా దించుకున్నాక సర్వర్‌లో, అంటే మెయిళ్లు దాచి ఉంచే కంపెనీ కంప్యూటర్‌లో, ఏమీ మిగిలేది కాదు. మా ఆడపడుచు అమెరికా నుంచి రాసిన మెయిళ్లు, వాళ్ల పాప మొదటి ఫొటోలు అన్నీ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉండేవి. హార్డ్‌డిస్క్ పోయిన రోజు అవీ పోయాయి.

ఆ పద్ధతి పేరు పాప్, అంటే పోస్టాఫీస్ ప్రోటోకాల్. మొదటి రూపం 1984లో వచ్చింది. పోస్ట్‌మ్యాన్ ఉత్తరం చేతికిచ్చాక అది పోస్టాఫీసులో ఉండదు కదా, ఇదీ అంతే. 1986లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మార్క్ క్రిస్పిన్ ఐమాప్ అనే వేరే పద్ధతి తయారుచేశాడు. దీంట్లో మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది. ఫోనూ, కంప్యూటరూ దాన్ని చూపిస్తాయి, ఒక కాపీ దగ్గర ఉంచుకుంటాయి, అంతే. ఒకచోట చదివితే రెండోచోట కూడా చదివినట్టే కనిపిస్తుంది. ఈరోజు ఫోన్‌లో జీమెయిల్ పెట్టుకున్నా, ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్‌లో తెరిచినా మెయిల్ సర్వర్ మీదే ఉంటుంది. నాలుగు చోట్ల తెరవండి, ఒక్కటి కూడా పోదు.

ఆఫీసు మెయిల్‌ను కంప్యూటర్‌లో పాత సాఫ్ట్‌వేర్‌తో చూసేవాళ్లు మాత్రం ఒకటి సరిచూసుకోవాలి. అకౌంట్ సెట్టింగ్స్‌లో ఇన్‌కమింగ్ సర్వర్ పక్కన పోర్ట్ 995 అని ఉంటే సాధారణంగా అది పాప్, 993 ఉంటే ఐమాప్. పాప్ అయితే సర్వర్‌లో కాపీ ఉంచమని చెప్పే టిక్కు పెట్టండి. ఐమాప్‌కి మారేముందు ఇప్పటికే దించుకున్న పాత మెయిళ్లను వేరేచోట కాపీ చేసుకోండి, తొందరపడి పాత అకౌంట్‌ను తీసేయకండి.

మరి "నాకు నిజంగానే మాయమయ్యాయి" అంటున్నవాళ్ల సంగతి? మా పై ఫ్లోర్ ఆంటీ ఫోన్ నిండిపోయిందని మెయిళ్లు వరుసపెట్టి డిలీట్ చేశారు. సర్వర్‌లో ఉన్నది ఒక్కటే కాబట్టి కంప్యూటర్‌లో కూడా పోయాయి. అది తెరవడం వల్ల కాదు, డిలీట్ చేయడం వల్ల. జీమెయిల్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి, వెంటనే చూస్తే దొరుకుతాయి. ఆంటీవి దొరికాయి. కొత్త మెయిళ్లే రావడం లేదంటే స్టోరేజీ చూడండి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీని మెయిలూ, డ్రైవూ, ఫొటోలూ పంచుకుంటాయి. పెళ్లి వీడియోలతో అది నిండితే కొత్త మెయిల్ రాదు, మనం పంపేదీ వెళ్లదు.

ఇక ఫోన్ పోతే మెయిల్ పోతుందన్నది. పాస్‌బుక్ పోతే బ్యాంకులో డబ్బు పోతుందా? ఇంకో ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో సైన్ ఇన్ అవండి, అకౌంట్ సెక్యూరిటీ పేజీలో పోయిన ఫోన్‌ను సైన్ అవుట్ చేయండి, అదే నంబరుకి డూప్లికేట్ సిమ్ తీసుకోండి. కొత్త మెయిల్ తెరుచుకోవడమే అసలు ప్రమాదం. అప్లికేషన్లలో ఇచ్చిన పాత అడ్రస్‌కే కబుర్లన్నీ వస్తుంటాయి, చూసేవాళ్లుండరు. రెండేళ్లు ఎక్కడా తెరవని అకౌంట్‌ను గూగుల్ తీసేయవచ్చు కూడా. ఈ తొలగింపులు 2023 డిసెంబరులో మొదలయ్యాయి.

రెండంచెల వెరిఫికేషన్ మీద భయం ఎక్కడిదో నాకు అర్థమవుతుంది. కొందరికి సిమ్ మార్చాక ఓటీపీ పాత నంబరుకి వెళ్లింది. ఇంకొందరి పాత మెయిల్ సాఫ్ట్‌వేర్, సరైన పాస్‌వర్డ్ కొట్టినా తప్పు అంటోంది. రెండోది అకౌంట్ లాక్ అవడం కాదు. 2022 మే 30 నుంచి గూగుల్ అలాంటి సాఫ్ట్‌వేర్లకు మామూలు పాస్‌వర్డ్‌తో ప్రవేశం ఆపేస్తూ వచ్చింది. వాటికి 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్, అంటే అలాంటి సాఫ్ట్‌వేర్ కోసమే గూగుల్ విడిగా ఇచ్చే పాస్‌వర్డ్, కావాలి. అది రావాలంటే రెండంచెల వెరిఫికేషన్ ఆన్‌లో ఉండాల్సిందే. తీసేస్తే సమస్య పెరుగుతుంది. మొదటిదానికి, ఓటీపీ రానప్పుడు వాడుకునే బ్యాకప్ కోడ్లున్నాయి: ఎనిమిదంకెల కోడ్లు పది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. మావయ్యగారివి కాగితం మీద రాసి బీరువాలో ఎల్‌ఐసీ బాండ్ల కవర్‌లో పెట్టాను.

నాలుగో మాట చదివినప్పుడే నాకు కోపం వచ్చింది. నెట్ సెంటర్ కౌంటర్ మీద ఉండే పొడుగు నోట్‌బుక్ మీరూ చూసే ఉంటారు. నేను చూసినదాంట్లో ఒక గడిలో పిల్లల పేర్లు, పక్కన మెయిల్ ఐడీ, ఆ పక్కన పాస్‌వర్డ్. వాటిలో ఎక్కువ భాగం పిల్ల పేరు, వెనక 123. వరుసలో ఉన్నవాళ్లెవరైనా తలొంచితే చదవొచ్చు. మా పక్కింటి కుర్రాడికి ఇంటర్‌లో ఉండగా మెయిల్ అలాగే ఒక షాపులో తెరిచారు, రికవరీ నంబరుగా, అంటే పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ వచ్చే నంబరుగా, షాపతని నంబరు ఇచ్చారు. తర్వాత షాపు ఎత్తేశారు, ఆ నంబరు పనిచేయదు. కుర్రాడు పాస్‌వర్డ్ మర్చిపోయాడు. "అక్కా, నా పేరు మీదున్న మెయిల్ నాది కాదంటాదేటి?" అని నా దగ్గరకొచ్చాడు. రెండు రోజులు ప్రయత్నించాం.

మీ పిల్లల అకౌంట్ తెరిచి రికవరీ నంబరు ఎవరిదో ఈ సాయంత్రమే చూడండి. మీది కాకపోతే మార్చండి, పాస్‌వర్డ్ కూడా మార్చండి. నెట్ సెంటర్‌కి వెళ్లక తప్పకపోతే ఇన్‌కాగ్నిటో విండోలో (మూసేశాక మన లాగిన్‌ను బ్రౌజర్ గుర్తుంచుకోని విండో) తెరిచి, పాస్‌వర్డ్ మీరే కొట్టి, లేచేముందు సైన్ అవుట్ చేసి, విండో మూసేయండి. ఆ కుర్రాడి పాత మెయిల్ మాత్రం ఇప్పటికీ తెరుచుకోలేదు.