నాలుగో నొక్కుడుకు నక్షత్రం

తిరుపతి యువతకు ఉద్యోగాలు లేవని వాపోయేవారు లెక్కలు, సైన్సు నేర్పే సాఫ్ట్‌వేర్ తయారీ వైపు ఒకసారి దృష్టి సారించాలని మనవి. 1954లో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 2015లో ఐఐటీ, సైన్సు చదువుకు, పరిశోధనకు పెట్టిన ఐసర్ రెండూ వచ్చాయి. ఇంత చదువు ఊళ్లో పేరుకుపోయాక దాన్ని తెర మీదికి ఎక్కించేవాళ్లు కావాలి కదా.

ఈ ఉద్యోగానికి లెక్కలు రావాలన్న అపోహను ముందు వదిలించుకోవాలి. చప్పట్ల శబ్దం ఎక్కడ పెట్టాలో తెలిస్తే చాలు.

తీసివేత పాఠమే తీసుకోండి. 52లోంచి 27 తీసేస్తే ఎంత అని తెర అడుగుతుంది. కింద నాలుగు జవాబులు ఉంటాయి. పాప 35 నొక్కుతుంది. ఎలుగుబంటి బొమ్మ కన్నీళ్లు పెట్టుకుని ‘అయ్యో, మళ్లీ ప్రయత్నించు’ అంటుంది. పాప ఇంకొకటి నొక్కుతుంది, మరొకటి నొక్కుతుంది. నాలుగోసారి తప్పు చేద్దామన్నా వీలు కాదు. వెంటనే చప్పట్లు, బాణసంచా, ఒక బంగారు నక్షత్రం. తండ్రి ఫోనుకు సందేశం: ‘మీ అమ్మాయి తీసివేతలో పట్టు సాధించింది.’

ఆ 35 ఎలా వచ్చిందని అడగడం వృత్తిధర్మానికి విరుద్ధం. రెండులోంచి ఏడు పోదు గనుక పాప ఏడులోంచి రెండు తీసేసింది. అయిదులోంచి రెండు మామూలుగానే తీసింది. ఆమె లెక్క ఆమెకు ఉంది. ఇలాంటి తప్పుల వెనక ఒక పద్ధతి ఉంటుందని, దాన్ని కంప్యూటర్ పసిగట్టగలదని బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 1978లోనే ‘బగ్గీ’ అనే ప్రోగ్రాంతో చూపించారు. పాపం, వాళ్లకు ఎలుగుబంటి తట్టలేదు. సుద్దముక్కతో నెట్టుకొచ్చిన పాతకాలపు టీచరమ్మ కూడా ‘ఇది ఎలా చేశావే?’ అని అడిగి, పుల్లల కట్ట విప్పి పదిని ఒకట్లుగా చేసి చూపేది. ఆమెకు పిల్లల ప్రగతిని తెర మీద చూపే డాష్‌బోర్డు లేదు కాబట్టి ఆమె నేర్పినదానికి రుజువు లేదు.

అసలు రహస్యం ఏమిటంటే, సరుకు కొనేది పాప కాదు, కరస్పాండెంటు గారు. ఆయన ఏసీ గదిలో అరగంట డెమో ఉంటుంది. ఆ అరగంటలో భూమి గిరగిరా తిరగాలి, గుండె దడదడ కొట్టుకోవాలి, లోలకం ఊగాలి. దారం పొడవు మారిస్తే ఊగే సమయం మారుతుందని చూపించాలి. ఇదంతా మూరెడు దారంతో, ఒక రాయితో అయిపోతుందని మూలన కూర్చున్న సైన్సు మాస్టారు అనే ప్రమాదం ఉంది. అందుకే డెమోకు మాస్టార్లను పిలవకపోవడం క్షేమం.

ఉచితంగా ఇచ్చేవాళ్లతోనూ జాగ్రత్త. 2001లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న కార్ల్ వీమన్, మరుసటి ఏడాదే కొలరాడో విశ్వవిద్యాలయంలో ‘ఫెట్’ పేరుతో తెర మీద చేసే ప్రయోగాలు మొదలుపెట్టి లోకానికంతా ఊరికే ఇచ్చేశారు. వ్యాపార మర్యాద తెలియని మనిషి. అయినా మనకు బెంగ అక్కరలేదు. తిరుమలలో లడ్డూకు తప్ప, ఊరికే చేతికొచ్చిన దేనికీ మనవాళ్లు చేయి చాచరు.

పాఠాలు ఒకసారి అమ్మేస్తే తర్వాత ఏం తింటామన్న సందేహమూ వద్దు. 2020 డిసెంబరు 31తో అడోబీ సంస్థ యానిమేషన్లు నడిపే ఫ్లాష్ ప్లేయర్‌ను వదిలేసింది. దానిమీద కట్టిన బోలెడు పాఠాలు మూగబోయాయి. న్యూటన్ సూత్రాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి, అయినా ఆ పాఠాలను మళ్లీ తయారు చేయాలి, మళ్లీ అమ్మాలి.

ఇక రాళ్ల పొరల పాఠం. దీనికి అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయ యానిమేషన్ శ్రేష్ఠం. నిజానికి మన తిరుమల ఘాట్ రోడ్డు పక్కనే అడుగున అతి పురాతన గ్రానైట్, దాని మీద నేరుగా క్వార్ట్‌జైట్ అనే రాయి, రెండింటి మధ్య కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతు. దీని పేరు ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ స్మారకాల్లో చేర్చింది కూడా. ఆ కొండలు తరగతి కిటికీలోంచి కనిపిస్తూ ఉండటమే మన రంగానికి ఇబ్బంది. పిల్లలు అటు చూసిన ప్రతిసారీ తెర మీద గడిపిన నిమిషాలు తగ్గుతాయి, నెలాఖరు నివేదికలో బడి పేరు ఎర్రబడుతుంది. కనుక పాఠానికి ముందు కిటికీలు మూయించాలని టీచర్ల చేతిపుస్తకంలో స్పష్టంగా రాయాలి. స్మార్ట్ బోర్డు మీద వెలుతురు పడుతుందని కారణం చూపితే ఎవరూ ఎదురు అడగరు.