బోల్టులు కలిస్తే సరిపోతుందా?

పాత అమెరికన్ పికప్ ట్రక్కులంటే ఇష్టపడేవారి మధ్య ఒక సలహా ఏళ్లుగా తిరుగుతోంది. సారాంశం ఇది: "1967–72 నాటి షెవర్లే సీ10లో క్లచ్ గేరుబాక్సు తీసి టీహెచ్350 ఆటోమేటిక్ పెట్టడం శని, ఆదివారాల పని. బోల్టులు అవే, షాఫ్టు అదే. ట్రెయిలర్ లాగకపోతే ఆయిల్ కూలర్ అక్కర్లేదు. క్లచ్ పెడల్ పీకేస్తే పని అయిపోయినట్టే. పైగా హైవే మీద ఇంజను నిదానంగా తిరిగి పెట్రోలు మిగులుతుంది."

ఆటోమేటిక్ పెట్టుకోవాలన్న కోరికను నేను తప్పుపట్టను. ఎడమ మోకాలు మొరాయించినవారికి ట్రక్కు అమ్ముకోవడం కన్నా ఇది మేలు. "అలా చేస్తే బండి చరిత్ర పాడవుతుంది" అని గుండెలు బాదుకునేవారితోనూ నేను ఏకీభవించను. ఫోర్డ్ ఎఫ్-100కు 1953లోనే, షెవర్లే పికప్‌లకు 1954లోనే కంపెనీలే ఆటోమేటిక్ ఇచ్చాయి. నా పేచీ అంతా ఆ సలహాలోని "అవే", "అదే" అనే మాటలతో.

ముందు బోల్టుల సంగతి. షెవర్లే నమూనా బెల్‌హౌసింగ్ (ఇంజనుకు బిగించే గంటాకారపు తొడుగు) ఉన్న టీహెచ్350 అయితే షెవర్లే వీ8 వెనుక నిజంగానే కూర్చుంటుంది. కానీ అదే పేరుతో బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్, పాంటియాక్ ఇంజన్ల కోసం వచ్చిన గేరు పెట్టెల బోల్టు రంధ్రాలు వేరు. పేరు చూసి పాత సామాన్ల దుకాణంలో కొనుక్కొచ్చినవారు ఇక్కడే బోల్తా పడతారు.

సరైన పెట్టే దొరికిందనుకుందాం. బరువైన ఫ్లైవీల్ పోయి దాని స్థానంలో పలుచని ఫ్లెక్స్‌ప్లేట్ రావాలి. దాని పళ్లు 153 కావచ్చు, 168 కావచ్చు. స్టార్టర్ మోటారు దానికి తగినది కాకపోతే పళ్లు కరకరలాడి అరిగిపోతాయి. 1986 నుంచి వచ్చిన చిన్న వీ8లకు క్రాంక్ షాఫ్టు వెనుక సీలు మారింది, దానితో ఫ్లెక్స్‌ప్లేట్ బోల్టుల వలయమూ మారింది. అంతకు ముందు ఇంజను ప్లేటు దానికి ఎక్కదు. 400 క్యూబిక్ అంగుళాల ఇంజను అయితే ఫ్లెక్స్‌ప్లేట్‌కే తూకపు బరువు ఉండాలి, లేకపోతే బండి మొత్తం వణుకుతుంది. క్రాంక్ షాఫ్టు చివరన క్లచ్ గేరుబాక్సు కోసం పెట్టిన పైలట్ బుష్‌ను తీసేయాలి, లేదా కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో క్లచ్‌కు బదులుండే భాగం) ముక్కు దానికి తగలడం లేదని కొలిచి చూసుకోవాలి.

ఇక కన్వర్టర్. పెట్టెలో ఇది మూడు చోట్ల కూర్చోవాలి: ఇన్‌పుట్ షాఫ్టు గాళ్లలో, స్టేటర్ గాళ్లలో, చివరగా ఆయిల్ పంపు గాడిలో. తిప్పుతూ నెడితే ఒక్కొక్క మెట్టూ దిగినప్పుడు చేతికి తెలుస్తుంది. మొదటిసారి ఈ పని చేసినప్పుడు నేను రెండు మెట్లకే తృప్తిపడ్డాను. ఇంజనుకూ పెట్టెకూ మధ్య వేలెడు సందు మిగిలితే, బోల్టులు బిగిస్తే అదే మూసుకుంటుందని అనుకున్నాను. మూసుకుంది. పంపు గేరు పగిలింది. పెట్టె చేతి బలంతోనే ఇంజనుకు ఆనాలి. ఆనిన తరువాత కన్వర్టర్ వేలితో తిరగాలి, ఫ్లెక్స్‌ప్లేట్‌కు దానికీ మధ్య దాదాపు 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. అప్పుడే బోల్టుల జోలికి వెళ్లాలి. శని, ఆదివారాల పని అన్నవారు ఈ ఒక్క సంగతి చెప్పి ఉంటే నాకు ఒక పంపు మిగిలేది.

"షాఫ్టు అదే" అన్నది అదృష్టం మీద ఆధారపడిన మాట. టీహెచ్350 తోక, అంటే పెట్టె వెనుక తొడుగు, 6, 9, 12 అంగుళాల పొడవుల్లో వచ్చింది. ఒక్క పేరు, మూడు పొడవులు. తీసేసిన గేరుబాక్సు ఏదో, పెట్టేది ఏ తోకదో తెలియకుండా, పెట్టె నుంచి వెనుక ఇరుసుకు శక్తిని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు సరిపోతుందని ఎవరూ చెప్పలేరు. కొలత తీసేటప్పుడు పెట్టె తన మౌంటు మీద, బండి బరువు వెనుక ఇరుసు మీద ఉండాలి. కొన్ని పాత ట్రక్కుల్లో ఇంజను వెనుక భాగాన్ని మోసేది మాన్యువల్ బెల్‌హౌసింగే. దాన్ని తీస్తే పెట్టె కింద క్రాస్‌మెంబర్ (అడ్డ దూలం) కొత్తగా అమర్చాలి. ఆ ఎత్తు తప్పితే షాఫ్టు చివర్ల కీళ్ల (యూ-జాయింట్ల) కోణం తప్పుతుంది.

కూలర్ మాట ప్రమాదకరం. కన్వర్టర్ ద్రవం ద్వారా శక్తిని అందిస్తుంది. అందులో జారుడు తప్పదు, జారుడు ఉన్నచోట వేడి తప్పదు, ట్రెయిలర్ ఉన్నా లేకపోయినా. మాన్యువల్ ట్రక్కు రేడియేటర్‌లో సాధారణంగా ఆయిల్ చల్లార్చే గొట్టం ఉండదు. కాబట్టి విడిగా కూలర్ పెట్టాలి, లేదా రేడియేటర్ మార్చాలి. కూలర్ గొట్టాల కోసం పెట్టెకున్న రెండు రంధ్రాలకూ బిరడాలు కొట్టి ఊరుకున్నవారినీ చూశాను. కూలర్ నుంచి తిరిగి వచ్చే నూనే లోపలి బేరింగులను, బుష్‌లను తడుపుతుంది. బిరడా కొడితే అవి నూనె అందక ఎండిపోవడం మొదలైనట్టే.

పెట్రోలు సంగతి త్వరగా తేల్చేయవచ్చు. టీహెచ్350 గేర్లు 2.52, 1.52, 1.00. పై గేరు 1.00 అంటే నాలుగు గేర్ల పాత మాన్యువల్ పై గేరు లాంటిదే. వెనుక ఇరుసు నిష్పత్తి మారకపోతే హైవే మీద ఇంజను వేగం తగ్గదు సరికదా, కన్వర్టర్ జారుడు వల్ల కాస్త పెరుగుతుంది. ఇంజనును నిదానంగా తిప్పే 0.70 ఓవర్‌డ్రైవ్ గేరు ఉన్నది 1982లో వచ్చిన 700ఆర్4లో. ఇరుసు 3.73 అయితే మొత్తం నిష్పత్తి 2.61కి దిగుతుంది, అది నిజమైన లాభమే. అయితే ఆ పెట్టెకు కార్బురేటర్ నుంచి వచ్చే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ ఉంటుంది. లోపలి ఆయిల్ ఒత్తిడిని నిర్ణయించేది అదే. దాన్ని తప్పుగా అమర్చి నాలుగు రోజులు తిరిగితే పెట్టె లోపలి క్లచ్ పలకలు మాడిపోతాయి. సలహాలో ఈ రెండు పెట్టెల గుణాలనూ కలిపి ఒకే పెట్టెకు అంటగట్టారు.

క్లచ్ పెడల్ తీయడం పది నిమిషాల పని. అక్కడితో పని అయిపోదు. బండి గేరులో ఉంటే స్టార్టర్‌ను తిరగనివ్వని న్యూట్రల్ సేఫ్టీ స్విచ్ మాన్యువల్ ట్రక్కు వైరింగ్‌లో ఉండదు. అది అమర్చకపోతే డ్రైవ్‌లో ఉన్నా తాళం తిప్పగానే ఇంజను అందుకుంటుంది, కాలు వేయకుండానే బండి కదులుతుంది. లీవరు లింకేజీ సరిగా కుదరకపోతే మరొక చిక్కు: ముల్లు పార్క్ మీద ఉంటుంది, లోపల పార్కింగ్ కొక్కెం మాత్రం పడదు.

అందుకే పని ముగిశాక చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, బ్రేకు గట్టిగా తొక్కి, లీవరును ఒక్కొక్క స్థానంలో ఉంచి తాళం తిప్పి చూడండి. స్టార్టర్ పార్క్‌లో, న్యూట్రల్‌లో మాత్రమే తిరగాలి. రివర్స్‌లోనో డ్రైవ్‌లోనో ఒక్కసారి తిరిగినా, సోమవారం ఉదయం ఆ బండిని రోడ్డు ఎక్కించకండి.